‘ఆ రోజు నేనెక్కడున్నానంటే...’: విషాదవార్తల జ్ఞాపకాల్లో నిజమెంత?

విశాఖలో నలుగురు ఒకచోట కూర్చుంటే, అక్టోబరు వచ్చేసరికి మాట తప్పకుండా హుద్‌హుద్ తుపాను మీదికి మళ్లుతుంది. మే మొదటివారమైతే ఆర్‌.ఆర్‌.వెంకటాపురం గ్యాసు లీకు. నెరిసిన తలలుంటే రాజీవ్ గాంధీ హత్య, బాగా పెద్దవాళ్లుంటే ఇందిరాగాంధీ హత్య. ఎవరూ అడక్కుండానే ‘నేనప్పుడు ఎక్కడున్నానంటే’ అని మొదలవుతుంది. ఏ వీధి, ఎవరు చెప్పారు, చేతిలో ఏముంది, అప్పటికి పొయ్యి మీద ఏం ఉడుకుతోంది, అన్నీ వరసగా వస్తాయి. మొన్న మంగళవారం మధ్యాహ్నం ఏం కూర తిన్నారో అడిగితే మాత్రం తడుముకుంటారు.

చిక్కేమిటంటే, ఒకే ఇంట్లో ఒకే రేడియో ముందు కూర్చుని విన్న అన్నదమ్ములు ఆ వార్తని రెండు రకాలుగా చెబుతారు. పొద్దున్నే విన్నామంటాడు ఒకడు, దీపాలు పెట్టాక అంటాడు ఇంకొకడు. ఇద్దరూ ఒట్టేసి చెబుతారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. ఇదెలా సాధ్యమో మనస్తత్వ శాస్త్రం దాదాపు యాభయ్యేళ్లుగా పట్టుకుని చూస్తోంది.

ఫ్లాష్‌బల్బ్ అన్న పేరు ఎందుకొచ్చింది

ఈ రకం జ్ఞాపకానికి ‘ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకం’ అని పేరు పెట్టింది 1977లో రోజర్ బ్రౌన్, జేమ్స్ కులిక్ అనే అమెరికన్ పరిశోధకులు. పాత ఫోటో స్టూడియోల్లో ఫ్లాష్ వెలిగిన క్షణంలో మనిషితోపాటు వెనకనున్న పరదా, పక్కనున్న పూలకుండీ, కాలి దగ్గర చెప్పు, అన్నీ ఫోటోలో పడిపోయేవి. పెద్ద వార్త విన్న క్షణంలో మెదడు కూడా అలాగే, ముఖ్యమైనదీ కానిదీ అని చూడకుండా మొత్తం దృశ్యాన్ని అచ్చుగుద్దేస్తుందని వాళ్ల ఊహ.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకమంటే సంఘటన గురించిన జ్ఞాపకం కాదు, ఆ సంఘటన మనకి తెలిసిన సందర్భం గురించిన జ్ఞాపకం. ఇందిరాగాంధీని 1984 అక్టోబరు 31న ఢిల్లీలో ఆమె ఇంటి ఆవరణలో అంగరక్షకులు కాల్చి చంపారన్నది సంఘటన. ఆ మాట మీకు పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు ఏరుకుంటుండగా తెలిసిందనుకోండి, అది ఫ్లాష్‌బల్బ్. మొదటిదాన్ని పుస్తకం చూసి సరిచూసుకోవచ్చు. రెండోదానికి మీరొక్కరే సాక్షి. గొడవంతా ఈ రెండోదాని దగ్గరే.

బ్రౌన్, కులిక్ 80 మందిని అడిగారు. వాళ్లలో సగం మంది నల్లజాతివారు, సగం మంది తెల్లవారు. జాన్ కెన్నెడీ హత్య దాదాపు అందరికీ గుర్తుంది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య దగ్గరికొచ్చేసరికి 40 మంది నల్లవారిలో 30 మందికి ఇలాంటి జ్ఞాపకముంది, 40 మంది తెల్లవారిలో 13 మందికే ఉంది. తనకి సంబంధించిన దెబ్బయితేనే బుర్రలో నిలుస్తుందన్నమాట. జవాబుల్లో ఆరు విషయాలు మళ్లీమళ్లీ కనిపించాయి: ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, ఎవరు చెప్పారు, తమకేమనిపించింది, పక్కవాళ్లు ఏమైపోయారు, వెంటనే ఏం జరిగింది. మనవాళ్లు అరుగు మీద చెప్పే కథల్లో కూడా అవే ఆరు, దాదాపు అదే వరసలో.

అయితే వాళ్ల పద్ధతిలో పెద్ద లోపముంది. ఏళ్ల తర్వాత అడిగి, చెప్పింది చెప్పినట్టు నమ్మారు. చెప్పేవాడికి బాగా గుర్తుందని తెలిసింది గానీ, గుర్తున్నది జరిగిందో లేదో తెలియలేదు.

తమ చేతిరాతనే నమ్మని విద్యార్థులు

ఆ లోపాన్ని పూడ్చింది అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఉల్రిక్ నైసర్. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక చాలెంజర్ పైకి లేచిన 73 సెకన్లకే ముక్కలైపోయి ఏడుగురు చనిపోయారు. మర్నాడు పొద్దున్నే ఎమరీ యూనివర్సిటీలో 106 మంది విద్యార్థుల చేత, వార్త ఎలా తెలిసిందో కాగితం మీద రాయించి దాచిపెట్టారు. రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో దొరికిన 44 మందిని నికోల్ హార్ష్‌తో కలిసి మళ్లీ అదే ప్రశ్న అడిగారు.

మార్కులెలా వేశారో చూస్తే విషయం బాగా తెలుస్తుంది. స్థలం, చేస్తున్న పని, చెప్పిన మనిషి, ఈ మూడింటికీ తలో 2 మార్కులు. పూర్తిగా కలిస్తే 2, కొంత కలిస్తే 1, కలవకపోతే సున్నా. సమయం, పక్కనున్నవాళ్లు, ఈ రెండూ బాగా కలిస్తే ఒక్క మార్కు అదనం. మొత్తం 7.

దీన్ని మన ఊరి మనిషికి అన్వయించి చూద్దాం. మధురవాడలో ఉండే ఒకాయన్ని ఊహించుకోండి. 2020 మే 8న, అంటే వెంకటాపురంలో స్టైరీన్ అనే రసాయనం ఆవిరి లీకైన మర్నాడు, ఆయన డైరీలో రాశారు: ‘నిన్న పొద్దున్న ఆరున్నరకి పాల పాకెట్ల కోసం గేటు దాకా వెళ్లాను. ఎదురింటి మాస్టారు మాస్కు కిందికి లాగి, గోపాలపట్నం వైపు ఏదో గ్యాసు లీకైందట అన్నారు.’ మూడేళ్ల తర్వాత అదే ఆయన, అదే ప్రశ్నకి: ‘మంచి నిద్రలో ఉన్నాను. నాలుగింటికి మా ఆవిడ లేపి ఫోనులో వీడియో చూపించింది. జనం నడుస్తూ నడుస్తూనే రోడ్డు మీద కూలిపోతున్నారు.’

స్థలం: రెండుసార్లూ ఇల్లే, కానీ గేటు వేరు, మంచం వేరు. 1 మార్కు. పని: పాలు తేవడం, నిద్రపోవడం. సున్నా. చెప్పింది: మాస్టారు, భార్య. సున్నా. సమయం రెండున్నర గంటలు జరిగింది, పక్కనున్న మనిషి మారిపోయారు, అదనపు మార్కూ లేదు. 7కి 1. ఆయన్ని అడగండి, నూటికి నూరుపాళ్లు నిజమంటారు.

ఎమరీలో సగటు 2.95 వచ్చింది. 44 మందిలో 11 మందికి సున్నా. ఏడుకి ఏడూ వచ్చినవాళ్లు ముగ్గురే. ‘మీరు చెప్పింది ఎంత నిజమనుకుంటున్నారు’ అని అడిగితే మాత్రం, 5కి సగటున 4 పైనే వేసుకున్నారు. ఆ తర్వాత నైసర్ వాళ్ల పాత కాగితాలు వాళ్లకే చూపించారు. చూస్తే పాత జ్ఞాపకం తన్నుకొస్తుందని ఆయన ఆశ. ఒక్కరికీ రాలేదు. చేతిరాత తమదేనని ఒప్పుకుని, రాసింది మాత్రం తమకి గుర్తులేదన్నారు.

ఇంకో అంకె కూడా చెప్పుకోవాలి. మర్నాటి కాగితాల్లో, మొదట టీవీలోనే తెలిసిందని రాసినవాళ్లు 21 శాతం. రెండున్నరేళ్లకి అలా చెప్పినవాళ్లు 45 శాతం. టీవీలో ఆ పేలుడు తర్వాత వందసార్లు చూపించారు. చూసిన బొమ్మ ముందు విన్న మాట నిలవలేదు.

అబద్ధం కాదు, తప్పు ముక్క

మధురవాడ ఆయన కల్పించి చెప్పారా? లేదు. ఆ వీడియో ఆయన నిజంగానే చూశారు, ఆ పొద్దునే, పది గ్రూపుల్లో పదిసార్లు. వాటిలో ఒకసారి చూపించింది భార్యే అయ్యుండొచ్చు. తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతం అన్నది లీకు మొదలైన సమయం. దాన్ని పేపర్లో చదివారు. మూడు నిజాలు కలిసి ఒక జరగని దృశ్యమైంది. పరిశోధకులు దీన్ని తప్పు సమయపు ముక్క అంటారు. ఆ రోజు తాలూకు అసలైన ముక్కనే మనిషి ‘మొదటిసారి’ అన్న గూట్లో పెడతాడు, అది రెండోదో పదోదో అయినా సరే.

దీనికి మన రాష్ట్రంలో చక్కటి ఉదాహరణ 2009 సెప్టెంబరు. ముఖ్యమంత్రి వై.ఎస్.రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ 2వ తేదీ బుధవారం ఉదయం బేగంపేట నుంచి బయలుదేరి, గంటలోపే ఆచూకీ లేకుండా పోయింది. ఆ రోజంతా న్యూస్ చానళ్లలో ఒకటే మాట: జాడ తెలియలేదు, నల్లమలలో గాలిస్తున్నారు. శిథిలాలు కనిపించింది, మరణవార్త ఖాయమైంది 3వ తేదీ ఉదయం. అంటే వార్త తెలియడానికి ఇరవై నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు ‘వైఎస్ పోయారని మీకెక్కడ తెలిసింది’ అని అడిగితే, చాలామంది చెప్పే దృశ్యాన్ని కాస్త నెమ్మదిగా వినండి. ఆఫీసు క్యాంటీన్లో టీవీ, చుట్టూ జనం, ఎవరో సెల్లులో గట్టిగా మాట్లాడటం. అది 2వ తేదీ మధ్యాహ్నం, అప్పటికి తెలిసింది ‘కనిపించడం లేదు’ అన్నంత వరకే. తెలిసిన ముగింపు వెనక్కి నడిచొచ్చి, ముందురోజు భయంలో కూర్చుంటుంది. రెండు రోజులు మడతపడి ఒక్క రోజైపోతాయి.

ఎండాకాలం సెలవుల్లో బడి ఎలా తెరిచారు

పాత కాగితం లేనివాళ్ల మాటని పరీక్షించడమెలా? క్యాలెండరు కొంత పని చేస్తుంది.

రాజీవ్ గాంధీ 1991 మే 21 మంగళవారం సాయంత్రం విశాఖలో ప్రచారం ముగించుకుని విమానంలో మద్రాసు వెళ్లారు. రాత్రి 10 దాటాక శ్రీపెరంబుదూరులో బాంబు పేలింది. కనక విశాఖలో మొదట తెలిసినవాళ్లకి తెలిసింది ఆ అర్ధరాత్రి, మిగతా అందరికీ 22వ తేదీ పొద్దున్న. ‘బడికెళ్లాం, హెడ్మాస్టరు గారు అందర్నీ వరసలో నిలబెట్టి రాజీవ్ గాంధీని చంపేశారని చెప్పి ఇళ్లకి పంపేశారు’ అన్న జ్ఞాపకం మీకెవరైనా చెబితే, అప్పుడు ఎండాకాలం సెలవులని గుర్తుచేయండి. మే 22న మన బళ్లు తెరిచి ఉండవు. ఆ దృశ్యం 1984 నుంచి వచ్చుండాలి. అప్పుడు దీపావళి వెళ్లిన వారానికి, పనిదినం, బుధవారం. తల్లి మరణవార్త విన్న బడి ఆవరణ కొడుకు మరణవార్తకి అరువు వెళ్లింది.

1984కీ ఒక పరీక్షుంది. కాల్పులు జరిగింది ఉదయం తొమ్మిదిన్నర లోపు. ఆకాశవాణి మరణవార్తని ప్రకటించింది సాయంత్రం. అంతకుముందే బీబీసీ చెప్పింది, ఊళ్లో పుకారు పాకింది. ‘పదిన్నరకి రేడియోలో చనిపోయారని చెప్పారు’ అంటే ఆ రేడియో ఆకాశవాణి కాదు. పై అన్నదమ్ముల కథలో, పొద్దున్న అన్నవాడు పుకారు విన్న సంగతి చెబుతుండొచ్చు, దీపాలు పెట్టాక అన్నవాడు ప్రకటన విన్న సంగతి. ఇద్దరూ ‘రేడియో’ అనడంతోనే పేచీ వచ్చింది.

రాజీవ్ వార్త ఈటీవీలో చూశానన్నా కుదరదు, ఆ చానల్ మొదలైంది 1995 ఆగస్టులో. మన ఊరికి మాత్రమే పనికొచ్చే పరీక్ష ఇంకోటుంది: 1997 సెప్టెంబరు 14 రిఫైనరీ పేలుడు, 2004 డిసెంబరు 26 సునామీ, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, మూడూ ఆదివారాలే. ‘ఆఫీసుకి తయారవుతుంటే’ అని మొదలుపెడితే, చెప్పే మనిషి ఉక్కు ఫ్యాక్టరీలో ఎ షిఫ్టుకో, పోర్టుకో, ఆసుపత్రి డ్యూటీకో వెళ్లేవారై ఉండాలి.

వెంకటాపురం విషయంలో పంచాంగం సాయం చేస్తుంది. 2020 మే 7 వైశాఖ పౌర్ణమి. ‘కటిక చీకట్లో’ అన్న మాట కథకి బాగుంటుంది గానీ, ఆ తెల్లవారుజామున ఆకాశంలో నిండు చంద్రుడున్నాడు. గ్యాసు పొగమంచులా కమ్మేసి కళ్లు మండి ఏమీ కనిపించలేదంటే అది వేరే సంగతి, దాన్ని కాదనలేం.

మాటల్ని కూడా పరీక్షించొచ్చు. 2004 కథల్లో ‘సునామీ వస్తోందని అరుచుకుంటూ పరిగెత్తాం’ అనేవాళ్లున్నారు. ఆ ఉదయానికి ఒడ్డున ఆ మాట తెలిసినవాళ్లు బహు తక్కువ. అరిచింది ‘సముద్రం పొంగింది’ అని అయ్యుంటుంది. పేపర్లు నేర్పిన మాట మర్నాటి నుంచి వెనక్కి జారి, ఆ అరుపులో దూరింది.

ఈ ఆటలో నైసర్ కూడా దొరికిపోయారు. 1941 డిసెంబరు 7న అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిందన్న వార్త, చిన్నప్పుడు రేడియోలో బేస్‌బాల్ మ్యాచ్ వింటుంటే మధ్యలో వచ్చిందని ఆయనకి ఏళ్ల తరబడి గట్టి నమ్మకం. డిసెంబరులో బేస్‌బాల్ ఆడరని ఆయనకే తర్వాత తట్టింది. అప్పుడు వేరే పరిశోధకులు లెక్కతీసి, ఆ రోజు రేడియోలో వచ్చింది ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యుంటుందన్నారు. అంటే జ్ఞాపకం మొత్తం బూటకం కాదు, ఆట పేరు మారిందంతే. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. క్యాలెండరుకి ఒక ముక్క తగలకపోతే మొత్తం కథని కొట్టిపారేయడం కూడా తప్పే.

విన్నవాళ్లు, పడ్డవాళ్లు

ఇంతవరకూ చెప్పింది వార్త విన్నవాళ్ల సంగతి. దెబ్బ తిన్నవాళ్ల లెక్క వేరు. విశాఖకి సంబంధించినంతవరకూ అసలు విషయం ఇక్కడుంది.

1989 అక్టోబరులో కాలిఫోర్నియాలో లోమా ప్రియెటా భూకంపం వచ్చింది. నైసర్ బృందం ఆ భూకంపంలో ఉన్న కాలిఫోర్నియావాళ్లనీ, ఎక్కడో అట్లాంటాలో టీవీలో చూసినవాళ్లనీ వెంటనే అడిగి, ఏడాదిన్నర తర్వాత మళ్లీ అడిగింది. అట్లాంటావాళ్ల జవాబులు మామూలుగానే చెదిరాయి. భూకంపంలో ఉన్నవాళ్లవి దాదాపు చెక్కుచెదరలేదు. చాలెంజర్ ప్రయోగంతో జ్ఞాపకం పరువు తీసిన మనిషే ఇక్కడ దాన్ని నిలబెట్టాడు.

హుద్‌హుద్‌ని ఈ కళ్లతో చూడండి. గంటకి 180 కిలోమీటర్ల స్థాయి గాలితో, మధ్యాహ్నం 12, 1 గంటల మధ్య తుపాను నగరం దగ్గర తీరం దాటింది. తుపాను కన్ను, అంటే గాలి లేని నడిమి భాగం, కిందికొచ్చిన పేటల్లో ఉన్నవాళ్లు ఒక సంగతి చెబుతారు: ఉన్నట్టుండి గాలి ఆగింది, అయిపోయిందనుకుని మెట్లు దిగి స్కూటర్లు లేవనెత్తుకున్నారు, అంతలో రెండో వైపు నుంచి అంతకంతా కొట్టింది. ఇది సరిచూసుకోగలిగిన జ్ఞాపకం. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. తుపాను ఆగ్నేయం నుంచి వాయవ్యానికి కదిలింది. కాబట్టి కన్ను రాకముందు గాలి దాదాపు ఈశాన్యం నుంచి, కన్ను వెళ్లాక దాదాపు నైరుతి నుంచి కొట్టాలి. మనకి దిక్కులు చెప్పడానికి దిక్సూచి అక్కర్లేదు, ఇంట్లో నైరుతి గది ఏదో, ఈశాన్యం మూల ఏదో పిల్లలకి కూడా తెలుసు. ‘ముందు దేవుడి గది కిటికీ అద్దం పోయింది, కాసేపటికి పెద్ద పడకగది తలుపు విరిగింది’ అని ఒకావిడ చెబితే, ఆ వరస తుపాను శాస్త్రంతో కలుస్తుంది. ఆవిడకి ఆ శాస్త్రం తెలియదు కాబట్టి ఆ జ్ఞాపకానికి విలువ ఇంకా ఎక్కువ.

కరెంటు లేని ఊళ్లో టీవీ

ఆ ఆవిడే ‘విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోవడం టీవీలో చూస్తూనే ఉన్నాం’ అని కూడా అన్నారనుకోండి. అక్కడ ఆగాలి. తుపాను రోజు ఊళ్లో కరెంటు పోయింది, సెల్ టవర్లు పడుకున్నాయి, కొన్ని పేటల్లో వెలుగు రావడానికి రోజులు పట్టింది. విశాఖ నాశనాన్ని ఆ సాయంత్రం టీవీలో చూసింది హైదరాబాదూ, విజయవాడా, అమెరికాలో ఉన్న పిల్లలూ. విశాఖ చూడలేదు. ఊరికి ఏమైందో ఊరికే చివర తెలిసింది. తన వీధి చివర పడిన చెట్టు దాటి ఏముందో తెలియదు. టీవీ బొమ్మ ఏదైనా ఆ కథలో ఉంటే, అది కనీసం కొన్ని రోజుల తర్వాత వచ్చి చేరింది.

కిటికీ వరస కచ్చితం, టీవీ కల్పితం. ఒకే మనిషి, ఒకే కథ, ఒకే గొంతు. చెప్పేవాళ్లకి ఈ రెండింటి మధ్య అతుకు కనిపించదు.

అసలు బొమ్మే లేకపోయినా ఇలా జరుగుతుంది. 1992 అక్టోబరు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో సరకుల విమానం ఒకటి అపార్టుమెంట్ల మీద కూలింది. అది కూలే క్షణాన్ని ఏ కెమెరా తీయలేదు. తర్వాత పరిశోధకులు 193 మందిని ‘విమానం భవనాన్ని ఢీకొట్టే దృశ్యం టీవీలో చూశారా’ అని అడిగితే 107 మంది చూశామన్నారు. ఏ కోణంలో వచ్చి గుద్దిందో కూడా కొందరు వర్ణించారు.

మెదడులో ప్రత్యేక ఏర్పాటుందా, లేదా

ఇక్కడ పండితులు మూడు దారుల్లో నడిచారు.

బ్రౌన్, కులిక్ దారి: పెద్ద దెబ్బకి మెదడులో ప్రత్యేకమైన ముద్రణ జరుగుతుంది. ఈ మాట ఇప్పుడు యథాతథంగా నమ్మేవాళ్లు అరుదు. కానీ దానికి ఆధారం లేకపోలేదు. భయపడినప్పుడు వచ్చే అడ్రినలిన్ వంటి హార్మోన్లు, అమిగ్డలా అనే బాదంగింజంత భాగం, ఇవి జ్ఞాపకం గట్టిపడటానికి తోడ్పడతాయని చాలా ప్రయోగాల్లో తేలింది. న్యూయార్కులో 2001 సెప్టెంబరు 11 దాడులకి దగ్గర్లో ఉన్నవాళ్లు, కొన్ని మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు, ఇద్దరినీ మూడేళ్ల తర్వాత స్కాన్ చేస్తే, ఆ రోజుని తలుచుకున్నప్పుడు అమిగ్డలా ప్రత్యేకంగా స్పందించింది దగ్గరున్నవాళ్లలోనే. ఒకే నగరంలో కూడా దూరం లెక్కలోకొస్తుంది. వెంకటాపురం వేరు, మధురవాడ వేరు.

రెండో దారి: ప్రత్యేకమేమీ లేదు, మామూలు జ్ఞాపకమే, పదేపదే చెప్పుకోవడం వల్ల మెరుగుపెట్టినట్టు కనిపిస్తుంది. డ్యూక్ యూనివర్సిటీలో జెన్నిఫర్ తలారికో, డేవిడ్ రూబిన్ 2001 సెప్టెంబరు 12నే 54 మంది చేత రెండు జ్ఞాపకాలు రాయించారు. ఒకటి దాడుల వార్త, రెండోది ఆ దగ్గరి రోజుల్లోని ఏదో మామూలు సంగతి. తర్వాత వాళ్లలో కొందరిని వారానికి, కొందరిని ఆరు వారాలకి, కొందరిని ముప్ఫై రెండు వారాలకి మళ్లీ అడిగారు. రెండూ ఒకే వేగంతో అరిగిపోయాయి. తేడా ఒక్కచోటే వచ్చింది. మామూలు సంగతి అరుగుతుంటే దాని మీద నమ్మకం కూడా తగ్గింది. దాడుల జ్ఞాపకం అరుగుతున్నా నమ్మకం తగ్గలేదు. మిగతా ప్రయోగాలకంటే నాకు ఇది బలంగా కనిపిస్తుంది, ఒకే మనిషిలో రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలిచింది కాబట్టి.

మూడో దారి సమూహం వైపు నుంచి చూస్తుంది. బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ 1990లో రాజీనామా చేసిన వార్తని పదకొండు నెలల తర్వాత అడిగితే, బ్రిటన్‌వాళ్లలో 86 శాతం మందికి స్థిరమైన ఫ్లాష్‌బల్బ్ జ్ఞాపకముంది, బయటివాళ్లలో 29 శాతానికే ఉంది. మనవాళ్ల సంగతైతే మనం దాన్ని మళ్లీమళ్లీ చెప్పుకుంటాం. ‘నేనెక్కడున్నానంటే’ అనడం, చరిత్ర పక్కన నా కుర్చీ కూడా వేసుకోవడం. లోమా ప్రియెటా వాళ్ల జ్ఞాపకం నిలవడానికి కారణం కూడా భయం కాదు, అందరూ అందరికీ చెప్పుకుంటూ ఉండటమేనని నైసర్ వాదన. భయపడ్డామన్నవాళ్లకి, పెద్దగా భయపడలేదన్నవాళ్లకి ఆయన లెక్కల్లో తేడా కనిపించలేదు. మొదటి దారివాళ్లు దీన్ని ఒప్పుకోరు. ఇంత వెల్లడిగా ప్రాణభయం కలిగిన చోట భయాన్నీ, చెప్పుకోవడాన్నీ విడదీసి కొలవడం కష్టమంటారు. అదీ కాదనలేని మాటే.

సెప్టెంబరు 11 జ్ఞాపకాలని విలియం హర్స్ట్ బృందం పదేళ్ల పాటు వెంబడించింది. మరపు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే జరుగుతుంది, తర్వాత కథ గట్టిపడుతుంది. తప్పుతోనే గట్టిపడుతుంది. ఆసక్తికరమైన సంగతేమిటంటే, సంఘటన గురించిన తప్పుల్ని, అంటే ఎన్ని విమానాలు, ఎవరెక్కడున్నారు లాంటివాటిని, పేపర్లూ టీవీలూ కాలక్రమంలో సరిదిద్దాయి. ‘నేనెక్కడున్నాను’ అన్న తప్పుని దిద్దేవాళ్లు ఎవరూ లేరు. మధురవాడ ఆయన గేటు దగ్గర ఉన్నారో మంచం మీద ఉన్నారో ఏ పేపరూ రాయదు.

కోర్టు బోనులో

ఇదంతా అరుగు మీద కబుర్లకే పరిమితమైతే పెద్ద ఇబ్బంది లేదు. ప్రమాదం మీద కేసు నడిచేటప్పుడు, నష్టపరిహారం తేల్చేటప్పుడు, ఏళ్ల తర్వాత సాక్షి బోనెక్కినప్పుడు ఇది బరువెక్కుతుంది. దర్యాప్తులో మొదట ఇచ్చిన వాంగ్మూలంతో ఇప్పుడు చెప్పేది పోల్చి, తేడా చూపించి నిలదీయడం ఎదుటి లాయరు హక్కు. ఆ తేడా ఎంతుంటే సాక్ష్యం చెడుతుంది?

1983లో గుజరాత్ నుంచి వచ్చిన భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతిని సూటిగా చూసింది. సాక్షికి ఫోటో తీసినట్టు జ్ఞాపకం ఉంటుందని ఆశించకూడదనీ, మనసు తెర మీద వీడియో టేపు తిప్పి చూపించినట్టు ఉండదనీ, గంటలూ నిమిషాలూ సాక్షులు అంచనాగానే చెబుతారనీ అంది. అసలు విషయాన్ని కదిలించని చిన్న తేడాల్ని పట్టుకుని సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదన్నది దాని సారం. చాలెంజర్ కాగితాల ప్రయోగం అచ్చయింది 1992లో. అంతకుముందే మన కోర్టు ఈ మాటన్నది.

ఆ తీర్పు సాక్షిని కాపాడుతుంది గానీ, రెండో చిక్కు అలాగే ఉంది. గట్టిగా, తడబడకుండా చెప్పే సాక్షిని నమ్మడం మన అలవాటు. ప్రయోగాలు చెబుతున్నది ఆ గట్టిదనానికీ నిజానికీ లంకె వదులుగా ఉందని.

ఫోను చెప్పే తేదీ

ఇందిర నాటివాళ్లకి చూపించడానికి కాగితం లేదు. 2020 నాటివాళ్లకి ఫోనుంది. ఎమరీ విద్యార్థుల కాగితాలు చేసిన పని ఇప్పుడు ఆ పొద్దుటి వాట్సాప్ మెసేజీలు చేయగలవు. ‘అత్తయ్యా, మీ వైపు బాగానే ఉందా’ అని ఎవరు, ఎన్నింటికి అడిగారో అందులో ఉంటుంది. మధురవాడ ఆయన వెనక్కి జరుపుకుంటూ వెళితే ఆ రోజు తన మొదటి మెసేజి కనిపించొచ్చు.

గ్యాలరీలో వెతికితే మాత్రం మళ్లీ మోసపోతారు. ఫార్వర్డు వచ్చిన వీడియో కింద ఉండే తేదీ, సమయం సాధారణంగా అది ఆ ఫోనులోకి దిగినప్పటివి, తీసినప్పటివి కావు. ఫోను మార్చి బ్యాకప్ తెచ్చుకుంటే కొన్నిసార్లు అన్నిటికీ ఆ బ్యాకప్ రోజే పడుతుంది. మెసేజి పక్కనున్న సమయాన్ని నమ్మొచ్చు. అది కూడా అవతలివాళ్లు ఎప్పుడు పంపారో చెబుతుంది గానీ, ఆయన ఎప్పుడు తెరిచి చూశారో చెప్పదు. నాలుగింటికి వచ్చిన వీడియోని ఏడింటికి చూసుండొచ్చు, ఆరున్నరకి గేటు దగ్గర మాస్టారు చెప్పేశాక.